మూడో ఆకు

దివాకరం ఆ పూట వంశధార ఒడ్డున ఉన్న ఆశ్రమానికి గట్టి నిశ్చయంతో వచ్చాడు. పేర్రాజమ్మను చంపెయ్యాలి.

కంగారు పడకండి, పేర్రాజమ్మ అతని నవలలో ముసలావిడ. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేస్తుంది. నవలంతా అంతే. ఆవిడ, ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు, వాళ్ల మాటలు. రెండు పేజీలకో ముక్క, మూడు పేజీలకో ముక్క. ఆరేళ్లు పట్టింది రాయడానికి. ప్రచురణకర్త చదివి, "బాగానే ఉంది గానీ, ఇందులో ఏమీ జరగదేమిటండీ?" అని తిప్పి పంపాడు.

నెల కిందటే ఒక నకలు విమలబోధ స్వామికి ఇచ్చి వెళ్లాడు. స్వామి ఒకప్పుడు కాలేజీలో లెక్కలు చెప్పేవారట. కాదు, రైల్వేలో చేసేవారనే వాళ్లూ ఉన్నారు. ఏదైతేనేం, పుస్తకాల పిచ్చి మాత్రం వదల్లేదు.

"నవలలో ఏమీ జరగదని తిప్పి పంపారు స్వామీ. అందుకే చివర్లో ఆవిణ్ణి ఎవరో బావిలోకి తోసేస్తారు. పదకొండు పేజీలు కొత్తగా రాసి తెచ్చాను," అన్నాడు దివాకరం సంచి తడుముకుంటూ.

"ఎవరు తోస్తారు?"

"అదింకా తేల్చుకోలేదు."

"సరే, భోజనానికి లే."

స్వామి తనే ఆకులు వేశారు. తనకొకటి, దివాకరానికొకటి. పక్కన మూడోది కూడా వేసి, మంచినీళ్ల గ్లాసు పెట్టారు.

వంట చేసే అప్పలనరసమ్మ కూర గిన్నెతో వచ్చింది. "ఇంకెవులొస్తారు సామీ?"

"పేర్రాజమ్మ."

"మీ ఏళాకోళం మీదీ!" అని నవ్వుతూనే ఇద్దరికీ వంకాయ కూర వడ్డించింది. మూడో ఆకు దగ్గరికి వచ్చి గరిటె ఆపేసింది. "ఆ మామ్మకి వంకాయ పడదు గదా! దురదలొస్తాయి." లోపలికెళ్లి బీరకాయ పచ్చడి తెచ్చి, ఆకులో ఓ పక్కన పెట్టింది. తరవాత దివాకరం వైపు తిరిగి, "కూరలు తరుగుతున్నంతసేపూ సామి సదివి ఇనిపిస్తారు బాబూ," అంది.

దివాకరం చెయ్యి ముద్ద మీదే ఆగిపోయింది. వంకాయ పడదన్న సంగతి ఎక్కడో మొదట్లో అరవాక్యం రాశాడు. రాసి తనే మరిచిపోయాడు. సంచిలో ఉన్న పదకొండు పేజీల్లో, బావి దగ్గరికి వెళ్లేముందు పేర్రాజమ్మ తిన్న ఆఖరి భోజనం గుత్తివంకాయ కూర.

స్వామి అన్నం కలుపుకుంటూ అడిగారు.

"ఏమీ జరగలేదా దివాకరం?"



మజ్జిగ వేళకి అప్పలనరసమ్మ మళ్లీ మూడో ఆకు దగ్గర నిలబడింది. "మామ్మకి మజ్జిగ పుల్లగా ఉంటే పర్లేదా బాబూ?"

"అది రాయలేదు," అన్నాడు దివాకరం.

చెయ్యి కడుక్కుని వచ్చి, సంచిలోంచి పదకొండు కాగితాలూ తీశాడు. వాటిని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు రాయడం మొదలుపెట్టాడు.