ఒసిరిస్ అడిగితే

నైలు నది ఒడ్డున నెఫర్‌సెకు అనే ఫారో, అంటే ఈజిప్టు రాజు, కొండను తొలిపించి తన సమాధి కట్టించుకున్నాడు. రహస్య ద్వారం గుట్టు బయటపడకూడదని, దాన్ని చెక్కిన ఇపీ అనే శిల్పిని చంపమన్నాడు. భటులు ఇపీని కట్టి తెచ్చారు. అతను తల వంచి అడిగాడు.

"ప్రభూ, ఒక్క సందేహం. ఏలినవారికంటే ముందే నేను పైలోకం చేరతాను. చచ్చినవాళ్లకు తీర్పు చెప్పే ఒసిరిస్ దేవుడు, 'మీ రాజు పాలన ఎలా ఉందిరా?' అని అడిగితే ఏం చెప్పమంటారు?"

"చల్లగా ఉందని చెప్పు!"

"అలాగే ప్రభూ. 'మరి నువ్వెలా చచ్చావు?' అని అడిగితే?"

ఫారో సమాధి వంక చూసి, ఇపీ కట్లు విప్పించాడు.

ఆనాటి నుంచి ఇపీ తుమ్మితే చాలు, రాజవైద్యుడు పరుగెత్తుకొచ్చేవాడు. తనకంటే ముందు ఇపీ చావకూడదని ఫారో ఆజ్ఞ!