చెలమల పీటమ్మ వెలసిన వైనం

ఈదులదిన్నె దాటి తూర్పుగా నడిస్తే తుమ్మలవంక వస్తుంది. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ వంకలో నీరు పారదు. కనుచూపు మేర తెల్లని ఇసుకే. ఆ ఇసుక గట్టున, నాలుగు రాతి స్తంభాల నీడలో చెలమల పీటమ్మ తల్లి కొలువై ఉన్నది. గుడికి గోడలు లేవు, తలుపులు లేవు. మొదటిసారి వచ్చిన భక్తులు విగ్రహం కోసం అటూ ఇటూ వెతుకుతారు. అక్కడ ఉన్నది పసుపు పూసిన చదునైన రాతి పీట ఒక్కటే. దాని పక్కన ఇసుకలో తవ్విన చిన్న నీటిగుంట, ఈ సీమవారు చెలమ అని పిలిచేది, నడివేసవిలో కూడా తేటగా ఊరుతూ ఉంటుంది.

పూర్వం ఈదులదిన్నె ఊరంతటికీ ఈ వంక చెలమలే దిక్కు. తాగే నీళ్లు అక్కడే ముంచేవారు, గొడ్లను అక్కడే కడిగేవారు. చంటిపిల్లలను ఆ ఇసుకలోనే బయటికి కూర్చోబెట్టేవారు. ఇంట్లో ఊడ్చిన చెత్త, పొయ్యిలోని బూడిద, చచ్చిన కోడి, ఏదైనా సరే వంకలో పారవేస్తే తమకు దూరమైనట్లే అనుకునేవారు. వాన పడితే వంక పొంగి అంతా కడుక్కుపోయేది. ఒక ఏడాది కరువొచ్చి వాన పడలేదు.

ఆ ఎండల్లో పిల్లలకు వాంతులు, భేదులు పట్టుకున్నాయి. నిన్న గోలీలాడిన పిల్లవాడు ఈ రోజు కళ్లు లోతుకుపోయి మంచాన పడేవాడు. రెండు మూడు ఇళ్లలో పసివాళ్లు దక్కలేదు. అమ్మవారికి ఆగ్రహం కలిగిందని తలచి, ఊరి పెద్ద చెన్నప్పరెడ్డి జాతర చేసి దున్నపోతును బలి ఇస్తామని మొక్కుకున్నాడు. అయినా రోగం తగ్గలేదు.

ఆ ఊళ్లో ఓబులక్క అనే ముసలామె ఉండేది. కూతురు కాలం చేయగా మనవరాలు చౌడిని తన చేతులతో పెంచుకుంటున్నది. చౌడికి కూడా రోగం సోకింది. మధ్యాహ్నం పూట మనవరాలి పక్కన కూర్చొని విసురుతూ ఓబులక్క కునుకు తీసింది. ఆ కునుకులో ఆమెకు ఒక కల వచ్చింది. ఎర్ర పావడా కట్టుకున్న చిన్నపాప వంక ఇసుకలో నిలబడి ఉన్నది. ఎండకు కాళ్లు మార్చి మార్చి వేస్తున్నది.

"కూసో తల్లీ, ఎంతసేపని నిలబడతావు?" అన్నది ఓబులక్క.

"యాడ కూసోవల్లవ్వా? చోటేదీ?" అన్నది ఆ పాప.

ఓబులక్క ఉలిక్కిపడి లేచింది. చౌడిని పొరుగింటామెకు అప్పగించి వంకకు పరుగెత్తింది. పుట్టి పెరిగిన చోటే అయినా ఆమె ఆ ఇసుకను అంత పట్టి చూడటం అదే మొదటిసారి. పేడ, కుళ్లిన ఆకులు, రోగుల కింద పరచిన పాత గుడ్డలు. వాటి మధ్యనే చెలమలు. "ఈ నీళ్లా నా బిడ్డకు తాపింది!" అని ఆమె నోరు కొట్టుకున్నది. తరువాత మనుషుల అడుగు పడని ఎగువకు నడిచి, చేతులతో ఇసుక తోడింది. గోళ్లు విరిగి నెత్తురు వచ్చాక నీరు ఊరింది. ఆ నీళ్లు తెచ్చి కాచి, ఉప్పు గంజి చేసి, చౌడికి గుక్క గుక్కగా తాగించింది.

మరునాటి సందెవేళకు చౌడి కళ్లు తెరిచి, "అవ్వా, ఆకలైతాంది" అన్నది. ఓబులక్క పట్టలేని ఆనందంతో ఏడ్చింది.

సంగతి తెలిసి ఊరంతా కొత్త చెలమకు వచ్చింది. కుండలతో పాటు గొడ్లనూ తోలుకొచ్చింది. ఓబులక్క వద్దని మొత్తుకుంటే "అట్లే లేవ్వా" అనేవారు, మళ్లీ పాత తీరే. పెద్దల అలవాటు మాన్పించడం తన వల్ల కాదని ఆమెకు అర్థమైంది. మంచం దిగిన పిల్లలను, మంచం పట్టని పిల్లలను అందరినీ పోగు చేసి ఇసుకలో కూర్చోబెట్టింది.

"అమ్మోరు మన వంకకు వచ్చి నిలబడే ఉండాది. కూసునేదానికి మీరు చోటు చూపిస్తారా?"

"ఆమె యాడ కూసుంటాదవ్వా?" అని అడిగింది చౌడి.

"నువ్వు యాడ కూసుంటావో ఆడనే."

పిల్లలకు ఆ మాట చాలింది. ఈతాకుల చీపుర్లు కట్టుకొని పొద్దున్నే వంకకు చేరేవారు. చెత్తను దూరంగా గుంట తీసి పూడ్చేవారు. చేతులు బూడిదతో తోముకోనిదే చెలమ దగ్గరికి ఎవరినీ రానిచ్చేవారు కాదు. ఓబులక్క చెప్పినట్లు కుండ మూతి గుడ్డతో కట్టడం కూడా నేర్చుకున్నారు.

ఒకనాడు చెన్నప్పరెడ్డి ఎద్దులను కడగటానికి తోలుకొచ్చాడు. చౌడి చేతులు చాచి అడ్డం నిలిచింది.

"ఈడ వద్దు తాతా. దిగువకు తోలుకోని పోండి. ఇది అమ్మోరు కూసునే చోటు."

రెడ్డి చెర్నాకోల ఎత్తాడు. పిల్లలందరూ వచ్చి చౌడి వెనుక నిలబడ్డారు. వారి కాళ్ల దగ్గర ఇసుక పిండి జల్లించినట్లు శుభ్రంగా ఉన్నది. రెడ్డి ఇంట్లో అప్పటికి ఆయన మనవడు రోగంతో మూలుగుతున్నాడు. ఆయన ఆ ఇసుకను చూసి చెర్నాకోల దించి, "మా పిల్లోనికి ఈ నీళ్లు ఒక చెంబు ఇస్తావామ్మా?" అని అడిగాడు. ఎద్దులను తానే దిగువకు మళ్లించాడు.

ఆ పిల్లవాడు బతికాడు. నెల తిరిగేసరికి ఊళ్లో రోగం మాటే లేదు. పిల్లలు చెలమను ఇంకొంచెం లోతు చేస్తుండగా చదునైన రాతి పీట ఒకటి బయటపడింది. మొక్కు తీర్చడానికి పెద్దలు దున్నపోతును సిద్ధం చేయగా ఓబులక్క అడ్డుపడింది.

"ఆమె అడిగింది కూసునేదానికి చోటు. అది పిల్లోళ్లు ఇచ్చినారు. ఆ నోరులేనిదాన్ని ఇడిసిపెట్టండి."

దున్నపోతును విడిచిపెట్టారు. పీటను గట్టున నిలిపి, తల్లి వచ్చి కూర్చోవడానికని ఖాళీగానే ఉంచారు.

నేటికీ ఉగాది వెళ్లిన మొదటి శుక్రవారం ఇక్కడ పిల్లల పండుగ జరుగుతుంది. బడిలో చేరే ఈడు పిల్లలను తల్లిదండ్రులు తీసుకువచ్చి, చేతులు కడిగించి, చిన్న చీపురు అందిస్తారు. వారు వంక ఊడ్చి, పీట కడిగిన తరువాతే పూజ మొదలవుతుంది. ఆ రోజు ఎంతటివారు చెత్త వేసినా పిల్లలు నిలదీయవచ్చు. వారు "తప్పైంది తల్లీ" అని వంగి ఎత్తుకోవలసిందే. అందరిలోకీ చిన్నబిడ్డకు తొలి తీర్థం ఇస్తారు. ఈ తల్లిని సేవించిన ఇంట పిల్లలకు కడుపు జబ్బులు రావని భక్తుల నమ్మకం.

సాయంత్రం భక్తుల ట్రాక్టర్లు ఊళ్లకు మళ్లుతాయి. దారిలో అరటిపండు తిన్న పసివాడు తొక్కను బయటికి విసరక, పిడికిట్లో నలుపుకుంటూ ఇంటిదాకా పట్టుకొస్తాడు. అది చూసిన వాడి కన్నతల్లి తన మొక్కు చెల్లిందని నిండుగా ఊపిరి పీల్చుకుంటుంది.