పైడమ్మ రోడ్డు దాటిన రోజు

గోవర్ధన స్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, లేచి చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. ఎండవేళ సందేహాలు అడగకూడదని శిష్యులంతా తొందరగానే నేర్చుకున్నారు, ఒక్క నరహరి తప్ప.

నరహరి ఆశ్రమానికి రాకముందు కాలేజీలో లెక్కలు చెప్పినవాడు. ఆశ్రమం ముందు నుంచి పోయే పెద్దరోడ్డు మీద తరచూ ప్రమాదాలు జరుగుతున్నాయని, రోడ్ల అధికారులకి అర్జీ రాసిపెట్టమని సర్పంచి అతణ్ణే అడిగాడు. సాయంత్రానికి అర్జీ వెళ్ళిపోవాలి. నరహరి మూడేళ్ళ వివరాలు తిరగేశాడు. దెబ్బలు తిన్నవాళ్ళు పంతొమ్మిది మంది, దాదాపు అందరూ పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళే. అరవై దాటినవాళ్ళు ఒక్కరూ లేరు. కుర్రాళ్ళకి హెల్మెట్లు పెట్టించి వేగానికి కళ్ళెం వేస్తే చాలు, జనం దాటడానికి సిగ్నల్ దీపం అక్కర్లేదని రాసి, మురిసిపోతూ స్వామి దగ్గరికి తెచ్చాడు.

"స్వామీ, ఈ ఊళ్ళో సగం మంది ముసలివాళ్ళు. అయినా రోడ్డు వాళ్ళ జోలికి పోలేదు. వయసుతో పాటు వివేకం వస్తుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?"

స్వామి చెప్పులు తొడుక్కున్నారు.

రోడ్డు పక్క రాతిబల్ల మీద పైడమ్మ కూర్చుని అవతలి వైపుకి అరుస్తోంది. డెబ్భై ఆరేళ్ళ మనిషి, గొంతు మాత్రం కంచు. అవతల ఆమె చెల్లెలు నూకాలు, చంకలో పసిపిల్లతో నిలబడి ఉంది.

"ఒసే నూకాలూ! మునిమనవరాలికి అమ్మ పేరెందుకు ఎట్టనేదే?"

నూకాలు ఏదో చెప్పింది. లారీ హారన్ ఆ జవాబు కాస్తా మింగేసింది.

"దగ్గరికెళ్ళి అడగరాదా అమ్మా?" అన్నాడు నరహరి నవ్వాపుకుంటూ.

"ఎలాగెల్తాను బాబూ? రోడ్డు ఎడల్పు సేసి మూడేళ్ళయింది. మా ఈడోళ్ళం ఒక్కళ్ళమూ దాటనేదు. పిల్లని తెస్తామంటారు, ఆ లారీల మధ్యనించి వద్దని నానే ఆపీసినాను. గుంట పుట్టి పది నెల్లయింది, మొకం ఎలాగుంటాదో నాకు తెల్దు."

నరహరి నవ్వు ఆగిపోయింది. చేతిలోని అర్జీ ఎక్కడ దాచాలో తోచలేదు, సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్వామి వైపు చూస్తే ఆయన మబ్బుల్ని చూస్తున్నారు. ఇక లాభం లేదని పైడమ్మకి చెయ్యందించాడు.

ఒక్కడే అయితే నాలుగంగల్లో దాటే రోడ్డు ఆ రోజు ఎంతకీ తరగలేదు. సగం దూరం వెళ్ళి మధ్యగట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఒక లారీ పైడమ్మ కొంగుని ఎగరేసుకుంటూ పోయింది. ఆమె తనకి తెలిసిన దేవుళ్ళందరినీ పిలిచింది. లెక్కల మేష్టారూ పిలిచాడు.

అవతలికి చేరీ చేరగానే పైడమ్మ పసిదాన్ని లాక్కుని గుండెలకి హత్తుకుంది. "అచ్చం అమ్మేనే! పేరేదైతే ఏటిలే!" అంది, ఏడుస్తూ నవ్వుతూ. నూకాలు అక్క భుజం పట్టుకుని వదలలేదు. నరహరికి కూడా కళ్ళు చెమర్చాయి.

ఈ వింత చూసి ఆ వైపు ముసలమ్మలు అరడజను మంది పోగయ్యారు. ఒకామెకి ఆశ్రమం వైపు కూతురు ఉంది, ఒకామెకి చిన్ననాటి నేస్తం. "బాబూ, మమ్మల్నీ ఆ దరికి సేర్చవా?" అంటూ అతని చుట్టూ మూగారు.

"స్వామీ, ఈ అర్జీ చింపేసి కొత్తది రాస్తాను," అన్నాడు నరహరి, వెనకాలే వచ్చి నిలుచున్న గురువుతో.

"రాద్దువుగాని నాయనా. ముందు వీళ్ళని దాటించు. నీ లెక్కలో ఇన్నాళ్ళూ క్షేమంగా ఉన్నవాళ్ళు వీళ్ళే."