అత్తరు సీసాకు మూడు తొడుగులు

ఒకానొక రాజ్యంలో గుర్రాలు ముందు పుట్టాయి, వాటి మీద ఎక్కడానికి మనుషులు తరువాత పుట్టారు. ఆ రాజ్యం పేరు తురగవరం. అక్కడి లాయం ఎంత పొడుగంటే, ఈ చివర దాణా పెట్టడం మొదలుపెట్టినవాడు ఆ చివరికి చేరేసరికి ఈ చివరి గుర్రాలకు మళ్ళీ ఆకలి వేసేది. నమ్మేవాళ్ళు నమ్మండి, నమ్మనివాళ్ళు వెళ్ళి కొలుచుకోండి.

ఆ రాజ్యాన్ని ఏలినవాడు ఉద్దండ భూపతి. ఆయన మీసాలు ఎంత బారంటే, సభలోకి ముందు అవి వచ్చేవి, కాసేపాగి ఆయన వచ్చేవాడు. ఆయనకు పిచ్చి రెండింటి మీదే. ఒకటి గుర్రాలు, రెండోది అత్తరు.

ఆయన పట్టాభిషేకం నాడు పొరుగురాజు ఒకడు రౌతుల తలల మీద ఇనప టోపీలు చూసి, "మీ గుర్రాలు మనుషుల్ని అంత తరచుగా పడేస్తాయా?" అని నవ్వాడు. అంతే! మర్నాడు పొద్దున్నే ఊరంతా దండోరా మోగింది. యుద్ధానికి తప్ప తురగవరం రౌతు ఎవడూ తలకు శిరస్త్రాణం పెట్టరాదు. పెట్టినవాడు రాజుగారి గుర్రాన్ని అవమానించినట్టే.

ఆ సభలో తిప్పన అనే చమత్కారి ఉండేవాడు. అతను ఒక మాట విసిరితే సభ నవ్విన నవ్వుకు పైకప్పు మీది పావురాలు పొరుగు రాజ్యానికి వలస పోయేవి. కానీ ఎంతమంది నవ్వినా తిప్పన చెవి ఒక్క నవ్వు కోసమే కాచుకుని ఉండేది. అది ఎర్రనాయుడి నవ్వు.

ఎర్రనాయుడు రౌతుల్లో మొనగాడు. ఆయన గుర్రం వంక దూకిందంటే, దాని నీడ కింద నీళ్ళలో పడేలోగా అది అవతలి గట్టున మేత మేస్తూ ఉండేది. ఇక ఆయన నవ్వితే లాయంలో గుర్రాలన్నీ ఒక్కసారిగా సకిలించేవి. తిప్పన మొట్టమొదటిసారి గుర్రం ఎక్కినప్పుడు తోకవైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. "అదేం కూర్చోవడం బావా?" అని ఎర్రనాయుడు అడిగితే, "వెళ్ళే దారి గుర్రం చూసుకుంటుంది బావా. వచ్చిన దారి నేను చూసుకుంటాను" అన్నాడు. ఎర్రనాయుడు నవ్వీ నవ్వీ లాయం గోడ మీంచి గడ్డివాము మీద పడ్డాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక ప్రాణం.

ఇదంతా ఒకప్పటి మాట.

మూడేళ్ళ కిందట రాజుగారు పొరుగురాజుకు కానుకగా ఒక అత్తరు సీసా పంపించాడు. గాజు సీసా, చెయ్యి తగిలితే పగిలేంత పలచన. అది గుర్రం మీద పోవాలి కనక కోటలోని అత్తరు కొట్టులో దానికి మూడు తొడుగులు వేశారు. దూదిమెత్త, దాని మీద తోలు, తోలు మీద కంచు డిప్ప. ఎర్రనాయుడు మూటను వీపుకు కట్టించుకుని, "గట్టిగా కట్టారా?" అని అడిగాడు. "సీసా గట్టిగానే ఉంది బావా, నువ్వు జాగ్రత్త" అన్నాడు తిప్పన. ఎర్రనాయుడు నవ్వాడు, గుర్రాలు సకిలించాయి, గుర్రం కదిలింది.

కోట కనుచూపు మేర దాటకముందే రాళ్ళవంకలో గుర్రం కాలు జారింది.

సీసాను వెనక్కి తెచ్చారు. ఎర్రనాయుణ్ణి కూడా తెచ్చారు. రాజుగారు మూడు తొడుగులూ విప్పించి సీసాను వెలుగులోకి ఎత్తి చూసి, "ఒక్క చుక్క ఒలకలేదు! చూశారా మన కట్టుదిట్టం!" అని మీసం దువ్వాడు. మురిసిపోయి, కొట్టు గుమ్మం పక్కన ఒక శిలాశాసనం కూడా వేయించాడు.

ఎర్రనాయుడు బతికాడు. బతికి, ఇంటి అరుగు మీద కూర్చుని, గుర్రపు వెంట్రుకలతో పగ్గాలు పేనుతూ ఉండిపోయాడు. చేతులకు అన్నీ గుర్తున్నాయి. ఆయనకే ఎవరూ గుర్తులేరు. ప్రతి సాయంత్రం తిప్పన వెళ్ళి పక్కన కూర్చుని, "బావా, నేను గుర్రం మీద తోకవైపు తిరిగి కూర్చున్నానా..." అని మొదలుపెట్టి మొత్తం చెప్పేవాడు. ఎర్రనాయుడు మర్యాదగా వినేవాడు. విని, ముక్కూ ముఖం తెలియని మనిషిని అడిగినట్టు, "మీదే ఊరండీ?" అనేవాడు. వెయ్యి సాయంత్రాలు! మూడేళ్ళంటే వెయ్యే కదా. వెయ్యిసార్లూ అదే మాట.

ఆ ఏడు దసరా మూడు నెలలుందనగా ఎర్రనాయుడి భార్య లచ్చమ్మ తిప్పనను గుమ్మంలో ఆపింది.

"అన్నా, విజయదశమి పందెంలో మా అబ్బాయి గోపన్న మొదటి వరుసట."

విజయదశమి నాడు నూరుమంది రౌతులు కోట వాకిలి నుంచి కొండ కింది జమ్మిచెట్టు దాకా గుర్రాలు ఉరికించడం అక్కడి ఆచారం. దారి రాళ్ళవంకలోంచే.

"సంతోషం కాదా చెల్లెమ్మా?"

"సంతోషమే. కానీ ఈ ఇంట్లో ఇక మిగిలింది ఆ ఒక్క తలే అన్నా."

తిప్పన ఆ అబ్బాయి దగ్గరికి వెళ్ళాడు. గోపనాయుడికి ఇరవై రెండేళ్ళు. గుర్రం ఎక్కితే అచ్చం తండ్రే. "తలకు ఏదైనా పెట్టుకో అల్లుడూ, రాజుగారిని నేను ఒప్పిస్తాను" అన్నాడు తిప్పన.

"నా ఒక్కడికే పెడతావా మామా? నూరుమందిలో నేనొక్కణ్ణే డిప్ప పెట్టుకుంటే ఊరు ఊరంతా నవ్వదూ? నాన్న ఏనాడైనా పెట్టుకున్నాడా?"

తిప్పన తిన్నగా సభకు వెళ్ళాడు.

"మహాప్రభో, ఒక విన్నపం. రౌతులకు పండగనాడు కూడా శిరస్త్రాణం ఇప్పించండి. నేలకు అది యుద్ధమో పండగో తెలియదు. పడ్డవాణ్ణి అది అడగదు."

"తురగవరం గుర్రం మనిషిని పడేయదు!" అన్నాడు రాజు.

"మరి ఎర్రనాయుడు?"

"వాణ్ణి గుర్రం పడేయలేదోయ్. వాడే దిగాడు. దిగడం సరిగ్గా రాలేదు, అంతే."

సభ నవ్వింది. తిప్పన నోట మాట రాలేదు. పుట్టి బుద్ధెరిగాక అది మొదటిసారి.

రాజుగారి మీసాలు సంతోషంతో లేచి నిలబడ్డాయి. "మా తిప్పనకు మాట దొరకలేదు! సరే, తొడుగులంటే నీకంత మోజు కదా! నేటి నుంచి అత్తరు కొట్టుకు అధికారివి నువ్వే. దసరా దాకా ఈ సభలో నీ ముఖం కనబడకూడదు. సీసాలకు తొడుగులు వేసుకో పో!"

తిప్పన తలవంచుకుని కొట్టుకు వెళ్ళాడు. లోపల అలమరలో మొదటి అరలోనే ఉంది ఆ సీసా. ఒక్క చుక్క ఒలకని సీసా. చాలాసేపు దాన్ని చూస్తూ నిలబడ్డాడు. తరువాత గుమ్మం దగ్గరికి వచ్చి శాసనం చదివాడు. మళ్ళీ చదివాడు. మూడోసారి చదివేటప్పటికి, మూడేళ్ళ తరువాత తిప్పన పెదవి ఒక మూల కాస్త కదిలింది.

ఆ పూట నుంచి కొట్టులో సుత్తి చప్పుడు ఆగలేదు. కంచరివాళ్ళు, తోలుపనివాళ్ళు, దూదేకులవాళ్ళు. ఒకనాడు రాజుగారు అటుగా వచ్చి తొంగిచూస్తే కొండలా డిప్పలు పేర్చి ఉన్నాయి.

"ఇన్నా? ఏం సరుకోయ్?"

"దసరాకు కోట దాటే సరుకు ప్రభూ. నూరు. పగిలితే మళ్ళీ దొరకనిది."

కొత్త అత్తరేమోనని రాజుగారు మురిసిపోయాడు. "భేష్! డిప్పలు గట్టిగా ఉండాలి సుమా!" అని చెప్పి మరీ వెళ్ళాడు.

విజయదశమి రానే వచ్చింది. పందేనికి ముందు ఆ రాజ్యంలో ఒక తంతు ఉంది. ఒక్కొక్క రౌతూ వచ్చి రాజుగారి పాదపీఠం మీద తల ఆనించి, "ఈ తల ఏలినవారి సొత్తు" అంటాడు. రాజుగారు ఆ నుదుట కుంకుమ పెట్టి, "పుచ్చుకున్నాం" అంటాడు. అలా నూరు తలలూ పుచ్చుకున్నాడు. ఆఖర్న తనూ గుర్రమెక్కి వాకిలి దగ్గరికి వచ్చాడు. నగారా మీద కర్ర లేచింది.

"ఆగండి!"

వాకిలికి అడ్డంగా తిప్పన. చేతిలో కొట్టు తాళాలగుత్తి, వెనక కంచు డిప్పల గుట్ట. పక్కనే వాకిటి అరుగు మీద లచ్చమ్మ, ఆమె పక్కన పగ్గం పేనుకుంటూ ఎర్రనాయుడు.

"ఏమిటోయ్ ఇది?" అని రాజు గర్జించాడు. ఆ గర్జనకు కొండ మీది కోతులు చెట్లు దిగి చేతులు కట్టుకున్నాయంటారు.

"కొట్టు అధికారిగా అడుగుతున్నాను ప్రభూ. ఏలినవారు స్వయంగా వేయించిన శాసనం. 'మా సొత్తులో, పడితే పగిలే వస్తువు ఏదైనా సరే, గుర్రమెక్కితే మెత్త, తోలు, కంచు, మూడు తొడుగులూ లేకుండా కోట దాటరాదు. దాటించినవాడు ఎంతటివాడైనా మెడలో పెంకుల దండ వేసుకుని మూడు ఝాములు కోట వాకిట నిలబడవలెను.' ఇవాళ నూరు వస్తువులు ఏలినవారి సొత్తులో చేరాయి. 'పుచ్చుకున్నాం' అని నూరుసార్లు అన్నారు, ఊరంతా విన్నది. ఇప్పుడవి గుర్రాలెక్కి కోట దాటుతున్నాయి. తొడుగులేవి?"

రౌతులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రాజుగారికి అర్థమయ్యేసరికి కుడి మీసం వాలిపోయింది. ఎడమదాన్ని పట్టుకుని, "తల... తల పగిలే వస్తువేనా తిప్పనా?" అన్నాడు.

తిప్పన అరుగు వైపు తిరిగాడు. అతనితోపాటు రాజు తిరిగాడు, నూరుమంది రౌతులూ తిరిగారు. ఎర్రనాయుడు పేనడం ఆపి, ఇంతమంది తన వంక ఎందుకు చూస్తున్నారో తెలియక, అందరికీ కలిపి ఒక దండం పెట్టాడు.

"సీసా పగిలితే రేవు నుంచి ఇంకొకటి తెప్పించుకుంటాం ప్రభూ" అన్నాడు తిప్పన. "ఈ సరుకు ఏ రేవులో దొరుకుతుందో సెలవివ్వండి, నేనే వెళ్ళి తెస్తాను. మూడేళ్ళుగా వెతుకుతున్నాను."

నగారా వాడి చెయ్యి పైన ఉన్నది పైనే ఉండిపోయింది.

అప్పుడు తిప్పన ఉత్తరీయం చాటు నుంచి పెంకుల దండ తీశాడు. "తమరు తొందరలో ఉన్నారని ముందే గుచ్చి ఉంచాను. మీసాలకు తగలకుండా కాస్త వదులుగానే గుచ్చాను ప్రభూ."

రాజు దండ వంక చూశాడు. డిప్పల గుట్ట వంక చూశాడు. 'గట్టిగా ఉండాలి సుమా' అన్నది తానేనని గుర్తొచ్చింది. ముందు ఎడమ మీసం వణికింది, తరువాత పొట్ట వణికింది, ఆ పైన ఫెళ్ళున నవ్వాడు. ఆ నవ్వుకు వాకిలి తోరణం మామిడాకులన్నీ రాలి రౌతుల మీద అక్షతల్లా పడ్డాయి.

"తొడగండ్రా, అందరికీ తొడగండి! నేడే కాదు, గుర్రమెక్కిన ప్రతి పూటా! మరి మా తల ఎవరి సొత్తోయ్?"

"రాజ్యానిది ప్రభూ. అదీ పగిలేదే. అందుకే నూట ఒకటోది చేయించాను. మీసాలకు రెండు పక్కలా కిటికీలు పెట్టించాను."

రాజుగారు మెడ వంచాడు. గోపనాయుడు కూడా వంచాడు. ఊరంతా పెట్టుకున్నాక ఇక నవ్వేదెవరు?

నగారా మోగింది. నూటొక్క గుర్రాలు లేపిన దుమ్ముకు సూర్యుడు ఆ పూట రెండుసార్లు అస్తమించాడు. రాళ్ళవంక వైపు నుంచి ఒక కేక వినబడింది. లచ్చమ్మ తిప్పన చెయ్యి పట్టుకుంది. ఆమె గోళ్ళ గుర్తులు చాలాకాలం ఆ చేతి మీద ఉన్నాయి.

దుమ్ములోంచి ఒక మనిషి గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. చంకలో సొట్టపోయిన కంచు డిప్ప. నుదుట కుంకుమ చెదరలేదు.

"మామా, గుర్రం పడేయలేదు. నేనే దిగాను!" అని గోపనాయుడు నవ్వాడు.

లాయంలో గుర్రాలన్నీ ఒక్కసారిగా సకిలించాయి.

తిప్పన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

జమ్మి పూజ ముగించుకుని వచ్చిన రాజుగారు ఆ సొట్టను వేలితో తడిమి చూశాడు. తరువాత, "ఏం కావాలో కోరుకో తిప్పనా. కంకణమా, పల్లకీయా?" అన్నాడు.

"కొట్టులో మొదటి అరలో ఒక సీసా ఉంది ప్రభూ."

రాజుగారు తానే వెళ్ళి తెచ్చి ఇచ్చాడు.

పొద్దు వాలుతుండగా తిప్పన అరుగు మీద ఎర్రనాయుడి పక్కన కూర్చుని మూడు తొడుగులూ విప్పి మూత తీశాడు. ఎర్రనాయుడి చేతుల్లో పగ్గం ఆగింది. ఆయన గాలి పీల్చాడు. కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి తనంతట తానే వెనక్కి వెళ్ళి వీపు మీద ఏదో మూట కోసం తడుముకుంది.

"గట్టిగా కట్టారా?" అన్నాడు.

తిప్పన ఆ చేతి మీద చెయ్యి వేశాడు.

"కట్టాం బావా. ఈసారి అన్నిటినీ కట్టాం."

"మంచిది" అని ఎర్రనాయుడు మళ్ళీ పగ్గం అందుకున్నాడు. కాసేపటికి పక్కనున్న మనిషిని మర్యాదగా చూసి, "మీదే ఊరండీ?" అన్నాడు.

తిప్పన సీసాకు మూత పెట్టి, దగ్గరగా జరిగి, గొంతు సవరించుకున్నాడు.

"నేను గుర్రం మీద తోకవైపు తిరిగి కూర్చున్నానా బావా..."