బంటు తెచ్చిన మంత్రి

దగ్గరికి జరగండర్రా, వెనకాల ఉన్నవాళ్ళకూ వినబడాలి. ముందు ఆ చెన్నకేశవస్వామిని ఒక్కసారి తలుచుకోండి. తలుచుకున్నారా? సరే, వినండి.

అనగనగా రత్నాచలానికి ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కత్తి ప్రాణం, రెండోవాడికి వేట ప్రాణం, మూడోవాడు చారుకేతుకు చదరంగం ప్రాణం. మూడు కొండల అవతల కలువకోటలో మంజువాణి అని ఒక రాజకుమారి. ఆమెకూ అదే పిచ్చి. వీళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అయినా మూడేళ్ళుగా ఆడుకుంటూనే ఉన్నారు. ఎలాగంటారా? పచ్చమ్మ అని ఒక చిలక ఉండేది. ఒకరోజు ఇతని ఎత్తు అక్కడికి మోసుకెళ్ళేది, మర్నాడు ఆమె ఎత్తు ఇక్కడికి తెచ్చేది. తెచ్చి, అచ్చం ఆమె గొంతుతోనే పలికేది.

"గుర్రాన్ని దూకించాను, కాచుకోండి రాజకుమారా!" అని నవ్వేది. ఆ నవ్వూ ఆమెదే.

"ఏదీ, మరోసారి చెప్పవే," అనేవాడు చారుకేతు. చిలక చెప్పేది. "మరోసారి," అనేవాడు. ఎత్తు అతనికి మొదటిసారే అర్థమయ్యేది. మరి ఎందుకు అడిగేవాడో నేను చెప్పాలా?

అన్నలు ఆటపట్టించేవారు. "ఏరా తమ్ముడూ, చివరికి ఆ చెక్క మంత్రి మెళ్ళోనే తాళి కడతావా ఏం?"

ఒకనాడు చిలక రాలేదు. మర్నాడూ రాలేదు. మూడు నెలలు రాలేదు. చారుకేతు రోజూ కిటికీలో దానిమ్మగింజలు పోసి కూర్చునేవాడు. అవి ఉడతలు తినిపోయేవి. బల్ల మీద దుమ్ము పేరుకుంది. దాసి తుడవబోతే, "వద్దమ్మా, పావులు కదులుతాయి. ఆమె ఎత్తు ఇంకా రాలేదు," అన్నాడు.

నాలుగో నెలలో పచ్చమ్మ కాలిన రెక్కతో వచ్చి అతని ఒళ్ళో పడింది. "బాబూ! ఉగ్రధూముడనే మాంత్రికుడు మా అమ్మాయిని ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. చదరంగంలో తనను గెలిచినవాడికే ఆమెను ఇస్తానని ఒట్టుపెట్టుకున్నాడు. ఆమె నీకు ఒక్క మాట పంపింది." చిలక గొంతు మారింది. "బంటును చిన్నచూపు చూడకండి, రాజకుమారా."

"మరోసారి చెప్పవే," అన్నాడు చారుకేతు.

స్వామికి దణ్ణం పెట్టుకుని బయలుదేరాడు. ఒడ్డున ఒక ముసలి తాబేలు అతన్ని వీపు మీద ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు.

"తాతా, కాస్త తొందరగా పోకూడదూ?"

"తొందరపడేవాడికి ఈతా రాదు, నీ ఆటా రాదు నాయనా," అంది తాబేలు.

ఏడో సముద్రం దాటేసరికి ఎదురుగా పొగకోట. మాంత్రికుడు చదరంగం బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. వీడి ప్రాణం చిలకలో ఉంటుందనుకుంటున్నారు కదూ? "ఛీ! నాలో ఎందుకుంటుంది?" అని పచ్చమ్మకు కోపం వస్తుంది సుమా! వీడి ప్రాణం నల్లరాజు పావులో ఉంది.

"మూడు చిక్కులు పరుస్తాను. మూడింటిలోనూ నా రాజుకు ఆట కట్టించాలి. ఒక్క ఎత్తు తప్పినా నువ్వూ చెక్కబొమ్మవే," అన్నాడు వాడు.

మొదటి చిక్కును చారుకేతు గుర్రంతో ఒక్క దూకులో విప్పాడు. మాంత్రికుడి మీసం ఒక పక్క రాలింది. రెండోదాన్ని జంట ఏనుగులతో విప్పాడు. రెండో పక్కా రాలింది. అప్పుడు వాడు పట్టుసంచిలోంచి తన ప్రాణమున్న నల్లరాజును తీసి మూల గడిలో పెట్టాడు. భయం కొద్దీ దాని ముందు తన బంట్లనే గోడలా నిలిపాడు. అదే వరసలో, ఆ చివర ఒక ఏనుగును కాపలా పెట్టాడు. చారుకేతుకు మిగిలినవి రాజు, మంత్రి, ఆఖరి వరసకు ఒక్క గడి దూరంలో ఒక బంటు.

"రెండే ఎత్తులు నీకు. ఆ మంత్రి ఎవరో తెలుసా? నీ మంజువాణే! నా ఏనుగు తిన్నదా, ఇక ఆమె ఎప్పటికీ చెక్కే."

చారుకేతు బల్లంతా కలియజూశాడు. దారి కనబడింది, ఒక్కటే దారి. మంత్రిని నల్లరాజు వరసలోకి, ఏనుగు నోటి ముందుకే పంపాలి. అది తెలిసే ఈ చిక్కు పరిచాడు మాంత్రికుడు. ప్రేమించినవాడెవడూ ఆ ఎత్తు వెయ్యడని వాడి ధీమా.

చారుకేతు కళ్ళు మూసుకున్నాడు. స్వామి రూపం తోచలేదు. ఆ గొంతే వినిపించింది. బంటును చిన్నచూపు చూడకండి.

మంత్రిని జరిపాడు. "రాజును కాచుకో!"

మాంత్రికుడు నోరెళ్ళబెట్టాడు. రాజు కదలడానికి చోటు లేదు. మంత్రిని తినడం తప్ప గతి లేదు. ఏనుగు తిన్నది. వాడు మంత్రిని గుప్పిట్లో బిగించి, "పోయింది నీ పిల్ల!" అని నవ్వాడు.

చారుకేతు బంటును ఐమూలగా జరిపి ఏనుగును కొట్టాడు. బంటు ఆఖరి వరస చేరింది.

"బల్ల ధర్మం తెలుసుగా? ఆఖరి వరస చేరిన బంటుకు మంత్రి పదవి. నువ్వు తిన్న మంత్రిని నీ చేత్తోనే తిరిగి పెట్టు."

బల్ల ధర్మం తప్పితే ఒట్టు తప్పినట్టే, ఒట్టు తప్పితే వాడి మంత్రం పోతుంది. వాడు మంత్రిని పెట్టాడు. నల్లరాజుకు ఎదురుగా మంత్రి, ముందు తన బంట్లే. పారిపోయే గడి లేదు. ఆట కట్టు! నల్లరాజు నిలువునా చీలింది, మాంత్రికుడు పొగై పోయాడు, బల్ల పక్కన ఒక పిల్ల నిలబడి ఉంది.

"ఏనుగుకు మేత వేశారు కదండీ నన్ను!" అని నవ్విందామె. మొహం ఎరగడు కానీ, ఆ నవ్వు ఎరిగినదే.

రత్నాచలంలో పెళ్ళి జరిగింది. అన్నలు పల్లకీ మోశారు. ఆ సాయంత్రం చారుకేతు ఆమెను దుమ్ముపట్టిన బల్ల దగ్గరికి తీసుకెళ్ళాడు. మంజువాణి ఒక్క క్షణం చూసి, శకటును ఐమూలగా రెండు గడులు జరిపింది.

"ఆట కట్టు, రాజకుమారా! మూడు నెలలు ఈ బల్ల ముందే కూర్చున్నారటగా, ఈ ఎత్తు కనబడలేదా?"

"నేను చూసింది బల్లను కాదు, కిటికీని," అన్నాడు చారుకేతు. ఆపైన మెల్లగా, "మరోసారి చెప్పు," అన్నాడు.

ఆమె చెప్పింది. వాళ్ళు అరవైయేళ్ళు చల్లగా ఏలారు, ఆమె రోజూ చెబుతూనే ఉంది. స్వామి వాళ్ళను చూసినట్టే మిమ్మల్నీ చూడాలి. ఇక లేవండి, అదిగో, ఆ చెట్టు మీద వాలిన చిలకకు నాలుగు దానిమ్మగింజలు వెయ్యండి.