మూడుసార్లు లాగిన కొంగు

అనగనగా, మిరపచేల నడుమ ఒక ఊళ్ళో జోజమ్మ అనే ఆవిడ ఉండేది. ఆవిడకి కొత్త కోడలొచ్చింది. పేరు కెజియా. పెళ్ళయి ఇంకా నెల తిరగలేదు.

జోజమ్మ వాళ్ళు కథోలికులు. కెజియా పుట్టింటివాళ్ళది వేరే క్రైస్తవ సంఘం. అక్కడ కళ్ళు మూసుకుని ప్రార్థించుకోవడం, గొంతెత్తి కీర్తనలు పాడుకోవడం. అంతే. ఇక్కడేమో గుళ్ళో, అదే చర్చిలో, పూజ జరిగినంతసేపూ లేవాలి, కూర్చోవాలి, మోకరించాలి, మళ్ళీ లేవాలి. పాపం, ఆ పిల్లకి క్రిస్మస్ దగ్గరపడేకొద్దీ అన్నం సయించడం మానేసింది.

ఎందుకంటావా? జోజమ్మ ఆడపడుచు శౌరమ్మ ఉంది చూడూ, ఆవిడకి ఈ పెళ్ళి మొదట్నించీ ఇష్టంలేదు. "పండగ పూజలో మీ కోడలు ఊరంతా నవ్వేలా చేసిందో, ఇక నేను మీ గడప తొక్కను" అనేసింది. జోజమ్మేం తక్కువ తిందా? "నా కోడలు ఒక్కచోట కూడా తప్పు చెయ్యదు వదినా, చూస్తుండు" అనేసింది. అని, ఇంటికొచ్చి తల పట్టుకుంది.

పండగ ముందురోజు అత్తాకోడళ్ళు అరిసెలు ఒత్తుతూ కూర్చున్నారు. అప్పుడు జోజమ్మ ఒక్కొక్కటే చెప్పింది.

"పెద్దవాళ్ళు వస్తే లేచి నిలబడమూ? గుళ్ళో నిలబడటమూ అంతే. కూర్చోవడమంటే, చెప్పేది కుదురుగా వినడం. మోకరించడమంటే, నువ్వు పెద్ద, నేను చిన్న అని మోకాళ్ళతో చెప్పడం. సువార్త చదివేముందు బొటనవేలితో నుదుటి మీద, పెదాల మీద, గుండె మీద చిన్న చిన్న సిలువలు గీసుకోవాలి. దేవుడి మాట తలలోకి వెళ్ళాలి, నోటికి రావాలి, గుండెలో ఉండిపోవాలి అని."

"అన్నీ బాగానే ఉన్నాయత్తయ్యా. ఎప్పుడేది చెయ్యాలో నాకెలా తెలుస్తుంది?" అంది కెజియా ఏడుపుగొంతుతో.

జోజమ్మ పిండిచేత్తోనే కోడలి కొంగు పట్టుకుంది. "ఇదిగో, నీ పక్కనే ఉంటా. ఒకసారి లాగితే లే. రెండుసార్లు లాగితే కూర్చో. మూడుసార్లు లాగితే మోకరించు. సరేనా?"

తెల్లారింది. క్రిస్మస్ పొద్దు. గుడి కిటకిటలాడుతోంది. ఆడవాళ్ళ వైపు చాపల మీద, అందరికంటే ముందు జోజమ్మా కెజియా కూర్చున్నారు. సరిగ్గా వాళ్ళ వెనకే ఎవరు? శౌరమ్మ. ఒళ్ళో ఏడాది నిండని మనవరాలు.

పూజ చేసే స్వామిగారు, అదే ఫాదర్, పీఠం దగ్గరికి వచ్చారు. కొంగు ఒకసారి కదిలింది. కెజియా లేచింది. అప్పుడు పాత నిబంధన చదవబోయారు. కొంగు రెండుసార్లు కదిలింది. కెజియా కూర్చుంది. సువార్తకి లేచి, చిన్న సిలువలు కూడా ముచ్చటగా గీసుకుంది. 'హమ్మయ్య, ఇదేం పెద్ద కష్టం కాదు' అనుకుంది.

ప్రసంగమయ్యాక అందరూ మళ్ళీ లేచి, మేం నమ్మేది ఇదీ అని కలిసి చదవడం మొదలుపెట్టారు. దేవుడు మరియమ్మ కడుపున మనిషై పుట్టాడనే మాట దగ్గరికొచ్చారు. అప్పుడు కొంగు కదిలింది. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు! కెజియా టక్కున మోకరించింది.

తలెత్తి చూస్తే చుట్టూ అందరూ నిలబడే ఉన్నారు. జోజమ్మ రెండు చేతులూ జోడించే ఉన్నాయి! మరి లాగిందెవరు? శౌరమ్మ చంకలో ఉన్న చంటిది. కొంగు కుచ్చులు గుప్పిట్లో పట్టుకుని కిలకిలా నవ్వుతోంది. నవ్వకు నువ్వూ, ఆ పిల్లకి పై ప్రాణాలు పైనే పోయాయి. శౌరమ్మ మూతి తిప్పుకుంది. వెనక గుసగుసలు మొదలయ్యాయి.

అప్పుడేమైందో తెలుసా? స్వామిగారు కెజియాని చూశారు. చదువుతున్నది ఆపేశారు. తర్వాత పీఠం పట్టుకుని, ఆ ముసలి మోకాళ్ళు మెల్లగా వంచి, తనూ మోకరించారు. గుసగుసలు ఆగిపోయాయి. ఊరంతా మోకరించింది.

పూజ చివర ఆయన అన్నారు: "ఏడాది పొడుగునా ఆ మాట దగ్గర తల వంచుతాం. క్రిస్మస్ నాడు మాత్రం మోకరించాలి. అంత పెద్ద దేవుడు మనకోసం పసిబిడ్డగా వచ్చిన రోజు కదా! మీరూ మరిచారు, నేనూ మరిచాను. కొత్త కోడలు గుర్తుచేసింది."

కెజియాకి ఒళ్ళంతా తేలికైంది. కానీ ఆ మెప్పు తనది కాదు కదా! అందుకే బయటికి రాగానే నిజం చెప్పేసింది. "స్వామీ, నాకేమీ తెలీదు. అత్తయ్య లాగిందనుకుని మోకరించాను. లాగింది శౌరమ్మ పెద్దమ్మగారి మనవరాలు."

స్వామిగారు పకపకా నవ్వారు. "ఎవరు లాగితేనేం తల్లీ, మోకరించింది నువ్వు కదా!"

శౌరమ్మ చంకలో పిల్లని చూసింది, కెజియాని చూసింది. ఆవిడకీ నవ్వాగలేదు. "మాట దాచుకోని పిల్లవే నువ్వు. పదవే జోజమ్మా, ఆ అరిసెలు నన్ను తిననిస్తావా లేదా?" అంటూ అందరికంటే ముందు ఆవిడే వాళ్ళ గడప తొక్కింది. మళ్ళీ ఆదివారం కెజియా కొంగుని ఎవరూ పట్టుకోలేదు. అవసరం రాలేదు.

కథ పోయె కంచికి, అరిసె పోయె నోటికి,
కొంగు పోయె భుజానికి, కునుకు వచ్చె కంటికి!