నర్తకి బొమ్మకు కొత్త బద్ద

ఖండోజీరావు గారిని ఏదైనా అడిగితే మాట రాదు, పని వస్తుంది. అడిగినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టి, తను బీడీ ముట్టించుకుని పక్కకు తిరుగుతారు. ఆయన భార్య జీజాబాయమ్మ అంటుంటుంది: "నన్ను చేసుకునేది నీకు ఇష్టమేనా అని పెండ్లికి ముందర అడిగినా. మేకతోలు చేతికిచ్చి గీకమన్నాడు. యాభై ఏండ్లయింది. ఇంతవరకూ బదులు రాలేదు."

ఆయన తోలుబొమ్మలు చేస్తారు, ఆడిస్తారు. మా అమ్మాయి హిమజ ఐదేళ్ళుగా ఆయన దగ్గర నేర్చుకుంటోంది.

హిమజకు ఇప్పుడు ఇరవై రెండు. పద్నాలుగో ఏట, బడి నుంచి వస్తుంటే ఆటో బోల్తా పడింది. వెన్నుపాము దెబ్బతింది. రొమ్ము కింది నుంచి కదలిక లేదు, తాకితే తెలియదు. చక్రాల కుర్చీలో ఉంటుంది.

ఆయన వెంటనే బదులిచ్చింది నాకు తెలిసి ఒక్కసారే. చేరిన మొదటి రోజు హిమజ ఒక బొమ్మను తిప్పి తిప్పి చూసింది. ఒంటికి నిలువుగా ఒక వెదురు బద్ద ఉంది. చేతులకు చెరొక పుల్ల ఉంది. కాళ్ళకు ఏమీ లేవు. "మరి కాళ్ళెవరు ఆడిస్తారు తాతా?" అని అడిగింది.

"ఎవరూ ఆడించరు. చేతులు సరిగ్గా ఆడితే అవే వస్తాయి," అన్నారు. ఆ పిల్ల ఇంక ఇంటికి పోదామనలేదు.

ఈ ఎనిమిదేళ్ళలో దాని వెన్నెముక కొంచెం కొంచెంగా కుడికి వంగిపోయింది. కుడి పక్కటెముకలు కుర్చీ చేతి మీద ఆనించి, ఆ ఆసరాతో రెండు చేతులూ విడిపించుకుని ఉలి పట్టడం నేర్చుకుంది. అలా వాలి కూర్చుని, తోలులో సన్నని రంధ్రాలు కొడుతుంది. ఊళ్ళో అంత సన్నగా కొట్టేవాళ్ళు లేరు.

పోయిన నెల డాక్టరు గారు ఎక్స్‌రే చూపించారు. వంకర ఊపిరితిత్తిని నొక్కేస్తోందట. మెడ కింది నుంచి నడుము దాకా రెండు కడ్డీలు వేసి నిలపాలి. పది గంటల ఆపరేషన్. "కాళ్ళు రావు, ముందే చెబుతున్నాను. ఇది ఊపిరి కోసం," అన్నారు. ఆగితే, అని అడిగాను. రెండేళ్ళు ఆగితే ఆపరేషన్ తట్టుకునే ఊపిరి కూడా మిగలదన్నారు. చేస్తే ఉండే ప్రమాదాలూ చెప్పారు. అవన్నీ నాకు గుర్తున్నాయి. నడుము ఇక వంగదని కూడా చెప్పారు.

గురువారం లోపల సంతకం పెట్టాలి. మేజరు కాబట్టి సంతకం దానిదే. కాగితం కుర్చీ వెనక సంచిలో పెట్టుకుంది. ఆ ఊసెత్తితే నా వైపు చూసేది కాదు.

సోమవారం గురువు గారి దగ్గరికి వెళ్ళాం. హిమజ నేరుగా అడిగింది.

"ఐదేళ్ళుగా నా చెయ్యి ఈ వంకరలోనే పని నేర్చుకుంది తాతా. నిటారుగా కూర్చోబెట్టి బిగించేస్తే, ఉలి పట్టే చెయ్యి నాకు మిగులుతుందా? చేయించుకోమంటారా, వద్దంటారా?"

ఆయన బీడీ ముట్టించుకున్నారు. "ఆ నర్తకిని దించు," అని భార్యతో చెప్పి, బొమ్మను హిమజ ఒళ్ళో పెట్టించారు. "బద్ద కుట్లు విప్పు."

ఆ నర్తకి బొమ్మ ఆయన జేజి, అంటే వాళ్ళ నాయనమ్మ, చేసింది. ఏళ్ళు గడిచి దాని బద్ద ఎడమకు వంగింది. ఆ వంకర వల్లే నడుము ముందు కదిలి, పావడా ఒక క్షణం ఆగి విసురుగా వెనకాల వచ్చేది. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ విసురు కోసమే ఆట చూసేవాళ్ళున్నారు. హిమజ చెయ్యి మొదట ఆడింది ఆ బొమ్మతోనే.

"విప్పితే విసురు పోతుంది తాతా."

"నడుము కాడ బద్ద చీలింది, చూడు. ఇంకొన్ని ఆటలాడితే తోలును కోసేస్తుంది. వెదురంటే యాడైనా దొరుకుతుంది. మా జేజి తోలు యాడ తెద్దాం?"

హిమజ విప్పింది. ఒక్కొక్క కుట్టూ తెంచేసరికి చాలాసేపు పట్టింది. బద్ద లాగేయగానే బొమ్మ ఒళ్ళోకి కూలిపోయింది. నేను చూడలేక బయటికి వచ్చేశాను. జీజాబాయమ్మ టీ గ్లాసుతో వెనకాలే వచ్చింది.

"ఏమిమ్మా, ముఖం అట్ల పెట్టినావు? మా ఇంట్లో విప్పకుండా బాగుచేసేది ఏదీ లేదు. తాగు."

తోలుకు తడిగుడ్డ చుట్టి, చాపలో పెట్టి, బండ కింద ఉంచారు. కొత్త బద్దకు వెదురు ఇచ్చి, ఇంటి దగ్గర చెక్కి తెమ్మన్నారు.

ఇంట్లో హిమజ బద్ద చెక్కింది. పాత బద్దను పక్కన పెట్టి చూసుకుని, కొత్తదాన్ని కూడా అలాగే వంచుదామంది. నేను వద్దనలేదు. గ్యాస్ పొయ్యి మీద వెదురును నేనే కాచాను. హిమజ వంచింది. రెండూ అచ్చం ఒకేలా కుదిరాయి. ఇద్దరం సంతోషపడ్డాం.

మర్నాడు పొద్దున ఆయన ఆ బద్దను చూశారు. బండ తీసి, సాపైన తోలును ముందు పరిచి, "కుట్టు," అన్నారు.

పైనున్న నాలుగు రంధ్రాల వరకూ సూది బాగానే దిగింది. తర్వాత ఒక్కటీ అందలేదు. బద్ద పక్కకు పోతోంది, రంధ్రాలు కిందికి పోతున్నాయి. హిమజ తోలును కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. వాళ్ళ జేజి పొడిచిన రంధ్రాలు తల నుంచి నడుము దాకా వరుసగా మెరిశాయి. గీత గీసినట్టు నిటారుగా ఉన్నాయి.

ఒక్కొక్క రంధ్రం మీదుగా వేలు కిందిదాకా జరిపింది. తర్వాత వంకర బద్దను నా చేతికిచ్చి, ఇంకో వెదురు తీసుకుని తిన్నగా చీల్చుకుంది.

కుట్టడం అయ్యాక, దాని కుర్చీకి తగ్గట్టు తక్కువ ఎత్తులో కట్టిన తెర దగ్గర బొమ్మను ఆడించింది. బాగాలేదు. ఒళ్ళు తిన్నగా సాగేసరికి నర్తకి తల తెర పైకి పోయింది. నడుము, పావడా ఒకేసారి కదిలాయి. రెండోసారి ఇంకా పాడైంది. మూడోసారికి బొమ్మను ఒళ్ళో పడేసింది.

"చూశారా తాతా? పోయింది. చెప్పాను కదా."

ఆయన బీడీ నేలకు రాసి ఆర్పారు. "బొమ్మకేమీ కాలేదు పాపా. నీ చెయ్యి ఇంకా పాతదాన్నే ఆడిస్తా ఉంది."

"ఆయన చెయ్యీ అంతేలే," అంది జీజాబాయమ్మ. "కొత్త బొమ్మ వచ్చిన ప్రతిసారీ వారం రోజులు నా మీద అరిచేవాడు."

హిమజకు నవ్వొచ్చింది. మళ్ళీ బొమ్మను ఎత్తింది. భోజనాల వేళ దాటినా దించలేదు. ఎన్నోసారో నేను లెక్కపెట్టలేదు, పావడా విసిరింది. పాత విసురు కాదు. పాతది ఎప్పుడూ ఎడమకే విసిరేది. ఇది ఎడమకూ విసిరింది, కుడికీ విసిరింది. కాళ్ళు వాటంతట అవే వెనకాల వచ్చాయి.

బొమ్మను దించి, వెనక సంచిలోంచి కాగితం తీయమని నాతో చెప్పింది. తోలు కొట్టే చెక్క మీద పెట్టుకుని సంతకం చేసింది. కాగితం మడిచి నేనే సంచిలో పెట్టాను.

బయలుదేరే ముందు ఇక నేను అడగకుండా ఉండలేకపోయాను.

"క్షేమంగా తిరిగొస్తుంది కదా పెద్దాయనా?"

ఆయన నా వైపు చూశారు. లేచి వెళ్ళి, తెర పైగడకు కట్టిన ముడి విప్పి, తాడు కొన తెచ్చి నా చేతిలో పెట్టారు.

"గట్టిగా పట్టుకోమ్మా. వచ్చినాక పాప ఎత్తుగా కూర్చుంటుంది. తెర ఇంకో బెత్తెడు పైకి కట్టాల."